పాత డీజిల్ ఆటోమేటిక్ గేరు దిగేటప్పుడు కొడుతోందా? గేర్‌బాక్స్ విప్పకముందు చూడాల్సినవి

బ్రేకు మీద కాలు పెట్టి బండి ఆపుతున్నారు. ఇక ఆగిపోతుంది అనుకునేలోపు వెనకనుంచి ఎవరో తన్నినట్టు 'దడ్' మని ఒక కుదుపు. లేదా ఎదుటి లారీని దాటదామని యాక్సిలరేటర్ నేలకి తొక్కితే ఇంజన్ గుయ్‌మంటుంది తప్ప గేరు దిగదు. పాత డీజిల్ ఆటోమేటిక్‌లలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదులు ఈ రెండే. రెండిటికీ చాలాసార్లు వచ్చే సలహా ఒకటే: గేర్‌బాక్స్ దించి ఓవర్‌హాల్ చేయించండి అని. తొందరపడకండి. ఈ జబ్బులు ఎక్కువ భాగం గేర్‌బాక్స్ బయట, బానెట్ కింద ఉన్న గొట్టాల్లో, తీగల్లో, రబ్బరు ముక్కల్లో ఉంటాయి.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా మెర్సిడెస్ డబ్ల్యూ123 (1976–1985) తరం డీజిల్ బండ్లు, వాటిలో తర్వాతి ఏళ్ల బండ్లకి వచ్చిన 722.3 నాలుగు గేర్ల ఆటోమేటిక్ గురించి. 300డి, అందులోని ఐదు సిలిండర్ల ఓఎం617 ఇంజన్ దీనికి చక్కని ఉదాహరణ. వాక్యూమ్ మాడ్యులేటర్ (వాక్యూమ్‌ని, అంటే గాలి లాగుడుని బట్టి గేర్‌బాక్స్ లోపలి ఆయిల్ ప్రెజర్‌ని మార్చే భాగం) ఉన్న మిగతా పాత డీజిల్ ఆటోమేటిక్‌లకీ పద్ధతి దాదాపు ఇదే. వాక్యూమ్ లేకుండా కేబుల్ ఒక్కదానితో నడిచే గేర్‌బాక్స్ పెట్టెల సంగతి కేబుల్ దగ్గర చెబుతాను.

గేర్‌బాక్స్‌కి ఎవరు ఏం చెబుతారు

ఈ పెట్టెలో కంప్యూటర్ లేదు. బండి ఎంత వేగంగా పోతోందో లోపలి గవర్నర్ ఆయిల్ ప్రెజర్ రూపంలో చెబుతుంది. మీ కాలు ఎంత తొక్కుతోందో చెప్పేవి బయట మూడున్నాయి.

ఒకటి బౌడెన్ కేబుల్. యాక్సిలరేటర్ లింకేజీ నుంచి గేర్‌బాక్స్‌కి పోయే సన్నటి తీగ ఇది. గేరు ఎప్పుడు మారాలో ప్రధానంగా ఇది తేలుస్తుంది. రెండోది వాక్యూమ్. ఇది మాడ్యులేటర్ ద్వారా లోపలి ప్రెజర్‌ని మారుస్తుంది కాబట్టి గేరు ఎంత మెత్తగా, ఎంత గట్టిగా పడాలో తేలుస్తుంది. మూడోది పెడల్ అడుగున ఉండే కిక్‌డౌన్ స్విచ్, పెడల్ చివరిదాకా నొక్కితే గేరుని కిందికి దించమని చెప్పేది. అది కరెంటుతో పనిచేస్తుంది.

పెట్రోలు ఇంజన్‌కి ఇన్‌టేక్‌లో థ్రాటిల్ పలక ఉంటుంది కాబట్టి వాక్యూమ్ దానంతటదే పుడుతుంది, కాలు తొక్కేకొద్దీ దానంతటదే తగ్గుతుంది. ఈ డీజిళ్లకి ఆ పలక లేదు. అందుకే ఇంజన్‌కి విడిగా ఒక వాక్యూమ్ పంపు బిగించి, ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపు మీద ఒక వాక్యూమ్ కంట్రోల్ వాల్వ్ పెట్టారు. పంపు ఎప్పుడూ ఒకే తీరున లాగుతుంటుంది. కాలు తొక్కేకొద్దీ ఈ వాల్వ్ వాక్యూమ్‌ని వదిలేస్తూ పోతుంది. అంటే పెట్రోలు బండిలో ఉచితంగా దొరికే సంకేతాన్ని ఇక్కడ అరడజను రబ్బరు జాయింట్లు, ఒక సన్నటి రంధ్రం, ఒక ప్లాస్టిక్ వాల్వ్ కలిసి తయారు చేస్తున్నాయి. నలభై ఏళ్ల రబ్బరు మరి.

ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే మిగతాదంతా దాన్నుంచే వస్తుంది: వాక్యూమ్ ఎక్కువైతే గేరు మెత్తగా పడుతుంది, తక్కువైతే గట్టిగా పడుతుంది. కాలు వదిలేసి ఆగేటప్పుడు వాక్యూమ్ నిండుగా ఉండాలి. పూర్తిగా తొక్కినప్పుడు సున్నాకి రావాలి.

మొదట నడిపి చూడండి, కాగితం మీద రాయండి

కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు నడిపి ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ బాగా వేడెక్కనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు చేసిన పరీక్ష దేనికీ పనికిరాదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఈ నాలుగూ చేయండి.

1. తేలిగ్గా తొక్కుతూ టాప్ గేరు దాకా పోండి. ఒక్కో గేరు ఏ వేగంలో మారిందో, మారేటప్పుడు కుదిపిందా, జారిందా రాయండి. గేరు మారే క్షణంలో ఇంజన్ ఒక్కసారి పైకి అరిచి కిందికి దిగితే అది జారడం.
2. కాలు పూర్తిగా తీసేసి, బ్రేకు నెమ్మదిగా పట్టి ఆపండి. మూడు నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు ఎక్కడ కొట్టిందో గమనించండి.
3. టాప్ గేరులో నిలకడగా పోతూ పెడల్ సగానికి మించి తొక్కండి. గేరు దిగిందా, దిగితే ఎంతసేపటికి?
4. పెడల్ చివర తగిలే గట్టి బిందువు దాటేదాకా నొక్కండి. కిక్‌డౌన్ పడిందా?

అన్ని గేర్లూ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గట్టిగా పడుతుంటే వాక్యూమ్ మాడ్యులేటర్‌కి చేరడం లేదని మొదటి అనుమానం. ఎక్కడం బాగానే ఉండి ఆగేటప్పుడు మాత్రమే కొడుతుంటే ఐడిల్ వేగం (కాలు తీసేసినప్పుడు ఇంజన్ తిరిగే వేగం), కేబుల్ బిగువు, వాక్యూమ్ ఆలస్యంగా తిరిగి రావడం, రబ్బరు మౌంటింగులు, ఇవి చూడాలి. అన్నీ మరీ వెన్నలా మెత్తగా ఉండి మధ్యలో జారుతుంటే అదే అన్నిటికన్నా ప్రమాదం. కొట్టే గేర్‌బాక్స్ చిరాకు పెడుతుందంతే. జారే గేర్‌బాక్స్ లోపల క్లచ్ పలకల్ని కాల్చుకుంటుంది.

ఆయిల్

బండి సమతలం మీద, ఇంజన్ ఐడిల్‌లో, లివర్ 'పి'లో ఉండాలి. ఆయిల్ సుమారు 80 డిగ్రీల వేడిలో ఉండాలి. డిప్‌స్టిక్ మీది చిన్న లాక్ ఎత్తి బయటికి తీసి, నూలు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య తేడా సుమారు 0.3 లీటరు మాత్రమే, కాబట్టి లీటరు డబ్బా గుమ్మరించకండి. చల్లగా ఉన్నప్పుడు మట్టం కనిష్ఠ గీత కంటే కిందే ఉంటుంది, అది సహజం. అది చూసి పోస్తే వేడెక్కాక మట్టం మించిపోయి, ఆయిల్ నురగ కట్టి, గేర్లు అప్పుడప్పుడు జారతాయి.

గోధుమ రంగుకి తిరిగి మాడు వాసన వస్తుంటే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి. పాన్‌కీ (గేర్‌బాక్స్ అడుగు తొట్టి), టార్క్ కన్వర్టర్‌కీ (ఇంజన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) విడివిడిగా డ్రెయిన్ ప్లగ్గులున్నాయి, రెండిటికీ 5 మి.మీ. ఆలెన్ కీ పడుతుంది. కన్వర్టర్ ప్లగ్ కిందికి కనబడేదాకా క్రాంక్ పుల్లీ బోల్టుని 27 మి.మీ. సాకెట్‌తో ఇంజన్ తిరిగే దిక్కునే తిప్పాలి. కన్వర్టర్ వదిలేసి పాన్ ఒక్కటే ఖాళీ చేస్తే పాత ఆయిల్ కొంత లోపలే ఉండిపోతుంది. పాన్ బోల్టులు 8 న్యూటన్ మీటర్లు, డ్రెయిన్ ప్లగ్గులు 14 న్యూటన్ మీటర్లు చాలు. పాన్ బోల్టుల్ని చేతి బలంతో లాగితే పాన్ అంచు వంగి ఇక ఎప్పటికీ కారుతూనే ఉంటుంది. నింపేటప్పుడు మొదట నాలుగు లీటర్లు పోసి ఇంజన్ స్టార్ట్ చేసి, తర్వాత కొంచెం కొంచెంగా, డిప్‌స్టిక్ చూసుకుంటూ పోయండి. రెండు ప్లగ్గులూ తీస్తే మొత్తం ఐదారు లీటర్లు పడుతుంది. డెక్స్‌రాన్ 2 లేదా 3 తరగతి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) సరిపోతుంది.

ఒక చిక్కుముడి: ఏటీఎఫ్ తగ్గుతూనే ఉంది, కింద చుక్క కూడా పడదు. అప్పుడు మాడ్యులేటర్‌కి పోయే వాక్యూమ్ గొట్టం ఊడదీసి లోపలికి చూడండి. ఎర్రగా తడి కనబడితే మాడ్యులేటర్ లోపలి డయాఫ్రం, అంటే పల్చటి రబ్బరు పొర చిరిగింది. వాక్యూమ్ పంపు గేర్‌బాక్స్ ఆయిల్‌ని లాక్కుని ఇంజన్ క్రాంక్‌కేస్‌లోకి పంపుతోంది. అందుకే ఇంజన్ ఆయిల్ మట్టం ఎవరూ పోయకుండానే పెరుగుతుంటుంది. మాడ్యులేటర్ మార్చడం తప్ప దీనికి మందు లేదు. తీసేటప్పుడు దాని వెనక ఉండే చిన్న పిన్ను జారిపోకుండా చూసుకోండి. ఓ-రింగ్ కొత్తది వేయండి. ఆ తర్వాత వాక్యూమ్ గొట్టాలు కడిగి, ఇంజన్ ఆయిల్ కూడా మార్చండి.

ఐడిల్, మౌంటింగులు, లివర్

ఓఎం617 ఐడిల్ సుమారు 750 ఆర్‌పీఎం. అటూ ఇటూ 50 పర్వాలేదు. చలికాలంలో పెంచి వదిలేసిన ఐడిల్ 900 దాటి ఉంటే బండి ఆగే ముందు దిగే గేరు కొట్టక ఏం చేస్తుంది? ముందు దాన్ని సరిచేయండి. చాలా బండ్లకి వైద్యం ఇక్కడితోనే అయిపోతుంది.

తర్వాత ఇంజన్ ఆపి, చక్రాలకి అడ్డుపెట్టి, లివర్ న్యూట్రల్‌లో ఉంచి, కిందికి దూరి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. గేర్‌బాక్స్ చివర, డిఫరెన్షియల్ చివర ఉండే గుండ్రటి రబ్బరు కప్లింగుల మీద పగుళ్లు కనిపిస్తున్నాయా? బోల్టు రంధ్రం చుట్టూ రబ్బరు విడిపోయిందా? గేర్‌బాక్స్ కింది మౌంటింగ్ నలిగి చదునైపోయిందా? ఇంజన్ మౌంటింగుల మీద డీజిల్ కారి రబ్బరు మెత్తబడి కూర్చుందా? చిన్నపాటి కుదుపు కూడా ఈ వదులు వల్ల పెద్ద దెబ్బగా వినిపిస్తుంది. గేర్‌బాక్స్ మామూలుగానే మారుతున్నా శబ్దం మాత్రం గుండెలదిరేలా వస్తుంది.

గేరు లివర్ లింకేజీలో రెండు చివర్లా చిన్న ప్లాస్టిక్ బుష్షులుంటాయి. అవి అరిగితే మీరు 'డి'లో పెట్టినా లోపలి వాల్వ్ పూర్తిగా 'డి'కి చేరదు. బుష్షులు మార్చాక గేర్‌బాక్స్ పక్కనున్న లివర్‌ని న్యూట్రల్‌లో పెట్టి, కారు లోపలి లివర్‌కి న్యూట్రల్ గాడి అంచు నుంచి సుమారు 1 మి.మీ. ఖాళీ ఉండేలా రాడ్ పొడవు సరిచేయండి.

వాక్యూమ్: ఇక్కడ తీరిగ్గా కూర్చోండి

చేతి వాక్యూమ్ పంపు, గేజి లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. ఊహమీద గొట్టాలు మార్చుకుంటూ పోతే నెల రోజులైనా తేలదు.

ముందు పైసా ఖర్చులేని పరీక్ష. తాళం తిప్పి ఇంజన్ ఆపండి. డబ్ల్యూ123 డీజిల్ ఆగేది కూడా వాక్యూమ్‌తోనే. వెంటనే ఆగకుండా రెండు మూడు సెకన్లు దొర్లి ఆగితే ఎక్కడో గాలి కారుతోందని అర్థం. సెంట్రల్ లాక్ పనిచేసేది కూడా ఇదే వాక్యూమ్‌తో. తలుపుల్లోని ఒక చిన్న డయాఫ్రం చిరిగినా గేర్‌బాక్స్ కొట్టడం మొదలుపెట్టొచ్చు. బండి గురించి తెలియనివాళ్లు దీన్ని ఎంత చెప్పినా నమ్మరు. తలుపులకి పోయే గొట్టాన్ని ఊడదీసి, మూలం వైపు మూతిని స్క్రూతో మూసి, ఒక చుట్టు నడిపి చూడండి. గేర్లు మెత్తబడితే దొంగ తలుపుల్లోనే దొరికాడు.

తర్వాత గొట్టాల వెంట ఇలా పోండి. ఇంజన్ ఐడిల్‌లో వాక్యూమ్ పంపు పెద్ద గొట్టం దగ్గర గేజి పెడితే 20 అంగుళాల పాదరసం (వాక్యూమ్‌ని కొలిచే ప్రమాణం) దాటి చూపించాలి. అంతకన్నా బాగా తక్కువైతే పంపు డయాఫ్రం లేదా దాని వాల్వులు చూసుకోండి. పంపు బాగుంటే గేజిని మాడ్యులేటర్‌కి పోయే సన్న గొట్టానికి 'టీ' ముక్కతో కలపండి. ఐడిల్‌లో 10 నుంచి 15 అంగుళాలుండాలి. ఇప్పుడు బానెట్ దగ్గరే లింకేజీని చేత్తో నెమ్మదిగా తెరవండి. ముల్లు తడబడకుండా దిగుతూ, చివరికి సున్నాకి రావాలి. మధ్యలో ఒకచోట ఆగి గబుక్కున పడిపోతే ఇంజెక్షన్ పంపు మీది వాల్వ్ అరిగింది.

ఇక ఎక్కువమంది చూడని భాగం. లింకేజీని వదిలేయండి. ముల్లు వెంటనే ఎగిరి పాత చోటికి రావాలి. రెండు మూడు సెకన్లు ఎక్కుతూ కూర్చుంటే ఆగేటప్పుడు కొట్టడానికి కారణం దొరికినట్టే. మీరు కాలు తీశారు, గేరు దిగే సమయం వచ్చింది, కానీ మాడ్యులేటర్ ఇంకా మీరు తొక్కుతూనే ఉన్నారనుకుంటోంది. గట్టి ప్రెజర్‌తో గేరుని దించేస్తుంది. దీనికి మామూలు కారణం పెద్ద గొట్టం నుంచి సన్న గొట్టం చీలే చోట ఉండే సూది రంధ్రం ఆయిల్ మసితో పూడుకుపోవడం. బ్రేక్ క్లీనర్ కొట్టి గాలి ఊదండి. సూది పెట్టి పొడవకండి. రంధ్రం పెద్దదైతే వాక్యూమ్ లెక్కే మారిపోతుంది.

టర్బో బండిలో అదనంగా ఇంకో వాల్వ్ ఉంటుంది, ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి బూస్ట్ గొట్టం దానికి వస్తుంది. ఆ గొట్టంలో మసి గడ్డకట్టిందేమో, వాల్వ్ చేతి పంపుతో లాగితే నిలుస్తుందో లేదో చూస్తే చాలు.

చివరగా మాడ్యులేటర్‌కే నేరుగా చేతి పంపు బిగించి 15 అంగుళాలు లాగండి. నిమిషం పాటు ముల్లు కదలకూడదు.

తప్పు బయట ఉందా, పెట్టె లోపలా అనేది తేల్చడానికి రెండు ఎదురెదురు పరీక్షలున్నాయి. మాడ్యులేటర్ గొట్టం ఊడదీసి, గొట్టం మూతి మూసి నడపండి. గేర్లన్నీ ముందుకన్నా గట్టిగా కొట్టాలి. ఏ తేడా తెలియకపోతే ఇన్నాళ్లూ వాక్యూమ్ అక్కడికి చేరనే లేదు. ఇప్పుడు చేతి పంపు గొట్టాన్ని కారు లోపలిదాకా తెచ్చి, పక్కన ఒకరిని కూర్చోబెట్టి 10 నుంచి 12 అంగుళాలు పట్టించి, తేలిగ్గా తొక్కుతూ కొద్ది దూరం నడపండి. గేరు సాఫీగా దిగితే పెట్టె బాగున్నట్టే, తప్పు గొట్టాల వైపు ఉంది. ఈ రెండో పరీక్షలో మాత్రం యాక్సిలరేటర్ లోతుగా తొక్కకండి. నిండు వాక్యూమ్‌తో లోడు వేస్తే క్లచ్‌లు జారతాయి. మెత్తగా ఉంది కదా అని శాశ్వతంగా పంపు నుంచి నేరుగా గొట్టం కలిపేసేవాళ్లున్నారు. వాళ్ల గేర్‌బాక్స్‌లు ఎక్కువకాలం ఉండవు.

బౌడెన్ కేబుల్

మొదట ఒకరు పెడల్ పూర్తిగా తొక్కుతుండగా ఇంజన్ దగ్గర లివర్ చివరి స్టాప్‌కి తగులుతోందో లేదో చూడండి. తగలకపోతే ముందు ఆ లింకేజీ రాడ్లు సరిచేయాలి. లేకపోతే కేబుల్ ఎంత సవరించినా వృథా.

ఇప్పుడు లింకేజీ ఐడిల్‌లో ఉండగా కేబుల్ చివరి సాకెట్‌ని బాల్ మీదనుంచి ఊడదీయండి. రెండు వేళ్లతో కేబుల్‌ని మెల్లగా లాగండి. కాస్త దూరం ఖాళీగా వచ్చి, ఒకచోట సన్నగా పట్టు తగులుతుంది. ఆ పట్టు తగిలిన చోటే ఆపి సాకెట్ బాల్ మీద పెడితే లాగకుండా, వదులు లేకుండా అంతటదే కూర్చోవాలి. కూర్చోకపోతే సవరించే మరని ఒక్కో చుట్టు తిప్పుతూ సరిచూడండి.

బిగువు ఎక్కువైతే గేర్లు ఆలస్యంగా ఎక్కుతాయి, ఆగేటప్పుడు వేగం ఇంకా మిగిలి ఉండగానే కిందికి దిగి కొడతాయి. వదులెక్కువైతే గేర్లు తొందరగా ఎక్కి ఇంజన్ ఈడుస్తుంది, సగం తొక్కినప్పుడు గేరు దిగమంటే బద్ధకిస్తుంది. ఒకసారికి ఒక్క చుట్టుకి మించి తిప్పకండి, ప్రతి మార్పు తర్వాతా నడిపి చూడండి. వాక్యూమ్ తక్కువైనప్పుడు వచ్చే కుదుపుని కేబుల్ వదులు చేసి కప్పిపుచ్చడం చాలాచోట్ల చూస్తాం. ఒక తప్పుమీద ఇంకో తప్పు పెట్టడమే అది.

టయోటా ఏ440ఎఫ్ లాంటి పెట్టెల్లో మాడ్యులేటర్ ఉండదు, పనంతా థ్రాటిల్ కేబుల్‌దే. అక్కడ కొలత ఐడిల్‌లో కాదు, పెడల్ పూర్తిగా తొక్కి పట్టినప్పుడు తీస్తారు: తొడుగు రబ్బరు చివరికీ, తీగ మీద నొక్కిన స్టాపర్ గుళికకీ మధ్య 0 నుంచి 1 మి.మీ. ఉండాలి.

కిక్‌డౌన్

ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం వేసి, పెడల్ అడుగుదాకా నొక్కండి. గేర్‌బాక్స్ వైపు నుంచి 'టిక్' మని వినిపించాలి. వినిపించలేదా? మొదట నేలమీది మ్యాట్ ఎత్తి చూడండి, నవ్వకండి, మందపాటి మ్యాట్ వల్ల పెడల్ స్విచ్‌ని తాకని బండ్లు ఎన్నో. తర్వాత ఫ్యూజు. తర్వాత స్విచ్ దాటాక 12 వోల్టులు వస్తున్నాయా, చివరగా గేర్‌బాక్స్ పక్కనున్న సోలినాయిడ్‌కి (కరెంటుతో కదిలే వాల్వ్) నేరుగా కరెంటిస్తే కొట్టుకుంటోందా. సోలినాయిడ్ తీస్తే దాని ఓ-రింగ్ కొత్తది వేయకుండా బిగించకండి. స్విచ్ లోపల అతుక్కుపోతే వ్యవహారం తలకిందులవుతుంది: తేలిగ్గా తొక్కినా ప్రతి గేరూ ఇంజన్ అరిచి అరిచి మారుతుంది. స్విచ్ తీగ ఊడదీస్తే తేలిపోతుంది.

టిక్ వినిపిస్తూ, అప్పటికే వేగం ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం గేరు దిగకపోతే అది తప్పు కాదు. కింది గేరుకి మించిన వేగంలో గవర్నర్ ప్రెజర్ దిగనివ్వదు, ఇంజన్‌ని కాపాడటానికే ఆ ఏర్పాటు.

మాడ్యులేటర్ కీ ముట్టుకోవాల్సింది ఇప్పుడు

పైవన్నీ సరిగ్గా ఉన్నాక ఇంకా కాస్త గరుకుతనం మిగిలితేనే. మాడ్యులేటర్ మూత తీస్తే లోపల 'టీ' ఆకారపు చిన్న కీ ఉంటుంది. ముందు అది ఏ కోణంలో ఉందో ఫొటో తీసుకోండి. బయటికి లాగి తిప్పి, మళ్లీ గాడిలోకి వదలాలి. గడియారం ముల్లు దిక్కున తిప్పితే గట్టిపడుతుంది, వ్యతిరేక దిక్కున మెత్తబడుతుంది. పావు చుట్టు తిప్పి నడపండి. మెత్తదనం కోసం అర చుట్టు దాటాల్సి వస్తోందంటే పైన ఏదో ఒకటి వదిలేశారు, వెనక్కి పోండి. కంపెనీ పద్ధతిలో దీన్ని ప్రెజర్ గేజి పెట్టి సెట్ చేస్తారు. గేజి ఉంటే అదే మేలు. మూత తిరిగి గట్టిగా బిగించడం మరిచిపోకండి, అక్కడ గాలి కారితే కథ మొదటికొస్తుంది.

ఎంత సరిచేసినా ఈ పెట్టె కొత్త కార్లలా తెలియకుండా గేరు మార్చదు. గేరు మారినట్టు ఒంటికి కాస్త తెలియాలి. దాన్ని కూడా పోగొట్టాలని చూస్తే జారడం మొదలవుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా వేడెక్కాక గేరు ఎక్కనే ఎక్కకపోతే, లేదా ఒక గేరులోనే ఇరుక్కుంటే గవర్నర్ లేదా వాల్వ్ బాడీ (ఆయిల్‌ని గేర్లకి పంచే వాల్వుల దిమ్మ) పట్టేసింది. రివర్స్ బాగా పడుతూ ముందుకి మాత్రం కదలకపోతే లోపలి బ్రేక్ బ్యాండ్‌ని బిగించే బీ2 పిస్టన్ పోయి ఉంటుంది. ఈ పెట్టెల్లో తొలినాళ్ల ప్లాస్టిక్ పిస్టన్‌కి ఆ పేరుంది, తర్వాత అల్యూమినియం పిస్టన్ వచ్చింది. పాన్‌లో నల్లటి పొడి పలచగా ఉండటం సహజం. చెంచాడు ఇనుప రజను, క్లచ్ పలకల ముక్కలు కనబడితే అప్పుడు గేర్‌బాక్స్ దించండి.

సరిచేసేలోపు బండి నడపాల్సి వస్తే ఆగే ముందు బ్రేకు చివర్లో కాస్త సడలించండి, రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు దెబ్బ తగ్గుతుంది. లోతైన దిగుడు రోడ్ల మీద 'డి'లోనే వదిలి బ్రేకుల్ని కాల్చకండి. థ్రాటిల్ పలక లేని డీజిల్‌కి పెద్ద గేరులో ఇంజన్ బ్రేకింగ్ చాలా తక్కువ. దిగుడు మొదలవకముందే, వేగం తగ్గాక లివర్‌ని ఒక మెట్టు కిందికి లాగండి. స్పీడోమీటర్ మీద ఒక్కో గేరు గరిష్ఠ వేగానికి చిన్న గుర్తులుంటే వాటికి లోపల ఉన్నప్పుడే. చేత్తో దించిన గేరు కూడా దడ్ మని పడితే మళ్లీ గేజి తీసి, లింకేజీ వదిలాక ముల్లు ఎంతసేపటికి పైకొస్తోందో చూడండి.